బ్రిస్టల్‌కు ఒక్క రోజే ఉంటే: ఓడా, వంతెనా, మ్యూజియమా?

ఇంగ్లండులో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలను చూడడానికి తెలుగు ఊళ్ళ నుంచి వచ్చే తల్లిదండ్రులు లండన్‌లో నాలుగు రోజులు తిరిగాక, ఐదో రోజుకు ‘ఇంకేదైనా ఊరు చూపించు’ అంటారు. ఆ ఐదో రోజు చాలా ఇళ్ళలో బాత్ నగరానికి పోతుంది. అక్కడి నుంచి రైలులో పావుగంట దూరంలోనే ఉన్న బ్రిస్టల్‌ను ఎక్కువమంది విమానాశ్రయం ఉన్న ఊరుగానో, రైలు మారే స్టేషనుగానో తప్ప తలచుకోరు. బాత్ చూడవద్దని నేను అనను. రోమన్ల స్నానశాల, తేనెరంగు రాతితో కట్టిన వీధులు అన్నీ అక్కడ ఒక్కచోటే ఉంటాయి కాబట్టి పూట తిరగకుండానే చూసి రావచ్చు. బ్రిస్టల్ అలా చేతికందే ఊరు కాదు. అది రేవు. ఓడలు, గోదాములు, వర్తకుల ఇళ్ళు, ఆ వర్తకులు పుణ్యానికీ పేరుకూ పోషించిన చర్చిలు, వారు పైకి చెప్పుకోని వ్యాపారపు గుర్తులు ఊరంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. ఏది చూడాలో, ఏది వదిలేయాలో ముందే తేల్చుకోకుండా దిగినవారికి సగం రోజు ఎత్తుపల్లాల వీధుల్లోనే గడిచిపోతుంది.

ఐదారేళ్ళలో ఇంటికి వచ్చిన చుట్టాలను, స్నేహితులను, చివరికి మా అమ్మానాన్నలను తీసుకువెళ్ళి, కొన్నిసార్లు తప్పు ఎంపికలు చేసి, నేను నేర్చుకున్న సూత్రం ఒకటే. బ్రిస్టల్‌లో నీటి ఒడ్డును పట్టుకుని నడవండి. చూడదగినవి తొంభై పాళ్ళు ఆ నీటి వెంబడే ఉన్నాయి. నీటిని విడిచి దూరంగా వెళ్ళడానికి మన తెలుగువారికి గట్టి కారణం ఒక్కటే ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

ముందు ఆ నీటి సంగతి

బ్రిస్టల్ సముద్రపు ఒడ్డున లేదు. సెవెర్న్ నది సముద్రంలో కలిసే పాయ నుంచి ఏవన్ అనే చిన్న నది మీద పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి వస్తే ఈ ఊరు తగులుతుంది. ఆ పాయలో ఆటుపోట్ల తేడా ప్రపంచంలోనే అత్యధికమైన వాటిలో ఒకటి. విశాఖపట్నం తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో అది 12 మీటర్లు దాటుతుంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు నీరు రోజుకు రెండుసార్లు వచ్చి, రెండుసార్లు వెళ్ళిపోతుందన్నమాట. పోటు మీద ఊళ్ళోకి వచ్చిన ఓడ, ఆటు వేళకు బురదలో కూలబడి ఒక పక్కకు ఒరిగిపోయేది. సరుకును గట్టిగా బిగించి కట్టకపోయినా, ఓడ చట్రం దృఢంగా లేకపోయినా నష్టం ఖాయం. ప్రతిదీ పొందికగా సర్ది బిగించి ఉంచడాన్ని ఇంగ్లీషువారు నేటికీ ‘బ్రిస్టల్ పద్ధతి’ అనడానికి మూలం ఇదేనని చెబుతారు.

ఈ బాధ తీర్చడానికి విలియం జెస్సప్ అనే ఇంజనీరు నాయకత్వంలో 1804లో పని మొదలుపెట్టి, 1809 నాటికి నది పాత దారిని లాకులతో మూసి, అసలు ప్రవాహం పోవడానికి పక్కనే కొత్త కాలువ తవ్వారు. గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు చూసి పెరిగినవారికి ఈ ఏర్పాటు వివరించనక్కరలేదు. తలుపులు మూసిన లోపలి భాగంలో నీరు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తుంది కాబట్టి దానికి తేలే రేవు అని పేరు వచ్చింది. నేటి యాత్రికుడు చూసే పడవలు, ఫలహారశాలలు, మ్యూజియాలు ఈ నిలువ నీటి చుట్టూ ఉన్నాయి. 1975 తరువాత సరుకు ఓడల రాకపోకలు ఇక్కడ ఆగిపోయాయి. నిజమైన రేవు ఇప్పుడు నది ముఖద్వారం దగ్గర ఉంది, అక్కడ యాత్రికుడికి పని లేదు.

పసుపు, నీలం రంగులు వేసిన చిన్న ఫెర్రీ పడవలు ఈ నీటి మీద ఒడ్డు నుంచి ఒడ్డుకు తిరుగుతుంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు వెంట ఉంటే ఊరు చుట్టే బస్సు టికెట్టు కొనే బదులు ఈ పడవ టికెట్టు కొనడం మేలు. బస్సు కిటికీలోంచి బ్రిస్టల్ కొంత మామూలుగానే కనిపిస్తుంది, నీటి మీద నుంచి చూస్తేనే ఆ ఊరు ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

ఓడా, ఉచిత మ్యూజియమా?

ఒక్క రోజుకు వచ్చినవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. దక్షిణపు ఒడ్డున ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ అనే ఓడ ఉంది, దానికి టికెట్టు ఖరీదైనదే. అదే ఒడ్డున పది పదిహేను నిమిషాల నడకలో, 1950ల నాటి సరుకు గోదామును మార్చి 2011లో తెరిచిన ఎమ్ షెడ్ అనే నగర చరిత్ర మ్యూజియం ఉంది, అది ఉచితం. నలుగురు కుటుంబసభ్యులకు ఓడ టికెట్ల మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి చూసినవారెవరైనా ఉచితమైనదాని వైపే మొగ్గు చూపుతారు. మా నాన్నగారూ అదే అన్నారు. అయినా నా సలహా మాత్రం ఓడకే. బ్రిస్టల్‌లో డబ్బు పెట్టి చూడవలసింది ఒక్కటే అయితే అది ఇదే.

ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ అనే ఇంజనీరు రూపకల్పన చేసిన ఈ ఓడ 1843 జూలై 19న ఇదే డాకులో నీటిమీదకు వచ్చింది. పొడవు 98 మీటర్లు. ఇనుప ఒళ్ళు, నీటిని తోసే మరచక్రం (ప్రొపెల్లర్) వెనుక, లోపల ఆవిరి యంత్రం, మూడూ కలిసి మహాసముద్రం దాటిన మొదటి పెద్ద ఓడ ఇది. కథలో చమత్కారం ఏమిటంటే, ఆ రోజుల్లో అంత పెద్ద ఓడ ఈ రేవు లాకుల్లోంచి పట్టలేదు. తన ఊరి తలుపులే అడ్డమై నెలల తరబడి లోపల ఇరుక్కుని, చివరికి లాకు గోడల రాళ్ళు కొన్ని తీసివేస్తే 1844 డిసెంబరులో బయటపడి, ఆ తరువాత లివర్‌పూల్‌ను స్థావరం చేసుకుంది. బ్రిస్టల్ రేవు ఎందుకు వెనకబడిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ మ్యూజియం గోడ మీదా దొరకదు.

తరువాతి జీవితంలో అది ఆస్ట్రేలియాకు వేలమంది వలసదారులను మోసింది. 1861లో ఆస్ట్రేలియాలో పర్యటించిన మొట్టమొదటి ఇంగ్లండు క్రికెట్ జట్టు వెళ్ళింది ఈ ఓడ మీదే. మనవారు గుర్తుపెట్టుకోవలసిన ప్రయాణం ఇంకొకటి ఉంది: 1857లో మన దేశంలో రేగిన తిరుగుబాటును అణచడానికి బ్రిటిష్ సైనికులను బొంబాయికి చేర్చిన ఓడల్లో ఇదీ ఒకటి. అది తెలిసి మెట్లెక్కితే అలంకరించిన భోజనశాల చూసే చూపు కొంచెం మారుతుంది. చివరికి ముసలిదై ఫాక్లాండ్ దీవుల్లో గోదాముగా పడి ఉండి, 1937లో అక్కడే ఒక కయ్యలో ముంచివేయబడిన ఈ ఓడను, 1970లో పైకి తేల్చి, పంటు మీదకు ఎక్కించి, అట్లాంటిక్ అంతటా లాగుకుంటూ తీసుకువచ్చి, నీటిమీదకు వచ్చిన తేదీ నాడే, అంటే జూలై 19నే, పుట్టిన డాకులో మళ్ళీ నిలబెట్టారు.

లోపల ఏముంటుందో చెబుతాను, ఎందుకంటే టికెట్టు విలువ అక్కడ తేలుతుంది. ఓడ చుట్టూ నీటి మట్టం దగ్గర గాజు పలకలు పరిచి, వాటి మీద పలుచగా నీరు పారించారు కాబట్టి పైనుంచి చూస్తే ఓడ తేలుతున్నట్టే ఉంటుంది. మెట్లు దిగి ఆ గాజు కిందికి వెళితే అదొక పొడి బావి. తలపైన నీటి నీడలు కదులుతుంటాయి, ఎదురుగా తుప్పు తిని జల్లెడలా చిల్లులు పడిన ఇనుప గోడ నిలుచుంటుంది. ఉప్పునీరు వందేళ్ళకు పైగా ఇనుములోకి ఇంకిపోయింది, గాలిలో కాస్త తేమ తగిలినా తుప్పు మళ్ళీ మొదలవుతుంది. అందుకని పెద్ద యంత్రాలతో ఆ కింది గాలిని పొడిగా, తేమ 20 శాతం దగ్గర ఉండేలా నిలుపుతారు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మా అమ్మమ్మ జాగ్రత్త నాకు అక్కడ గుర్తుకువచ్చింది. పై అంతస్తుల్లో మొదటి తరగతి భోజనశాల, అడుగున పేద ప్రయాణికుల పడకలు, వంటగది, కదులుతున్న యంత్రపు నమూనా ఉంటాయి. వాసనలు కూడా పెట్టారు. ఒకచోట రొట్టె కాలుతున్న వాసన వస్తే, ఇంకొకచోట సముద్రపు కుదుపుకు వాంతి చేసుకున్న వాసన వస్తుంది. పడకలు ఎంత ఇరుకంటే, నిద్రలో పక్కకు తిరగాలంటే పక్కవాడిని లేపాలి.

విశాఖ బీచ్ రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిలోకి వెళ్ళి, ఒక చివర నుంచి మరో చివరికి వంగి నడిచి, అరగంటలో బయటపడినవారు ఇదీ అంతేననుకుని గంట సమయం పెట్టుకుంటే పొరపాటు. రెండున్నర గంటలు లేకుండా టికెట్టు కొనకండి. పక్కనే బ్రూనెల్ జీవితం మీద మరో ప్రదర్శనశాల ఉంది, యంత్రాల మీద మమకారం లేనివారు దాన్ని వేగంగా దాటవచ్చు. లిఫ్టులు ఉన్నాయి కాబట్టి పెద్దవారికి ఇబ్బంది తక్కువ.

మరి ఎమ్ షెడ్ ఎవరికి? గంటన్నర మాత్రమే ఉన్నవారికి, వాన పడుతుంటే తలదాచుకోవలసినవారికి, ఊరి మనుషుల కథ కావాలనుకునేవారికి. పై అంతస్తు వసారా మీద నుంచి రేవు మొత్తం ఉచితంగా కనిపిస్తుంది, బయట నాలుగు పాత విద్యుత్ క్రేన్లు కొంగల్లా నిలబడి ఉంటాయి. ఒక్క జాగ్రత్త: నగరపాలక మ్యూజియాలు సాధారణంగా సోమవారం మూసి ఉంటాయి. లండన్ నుంచి సోమవారం బయల్దేరి, తాళం వేసిన తలుపు ముందు నిలబడిన తెలివి నాదే కాబట్టి ఇది అనుభవంతో చెబుతున్నాను.

ఎమ్ షెడ్ ముందు, తాను ఎక్కడికో ప్రయాణం వెళ్ళని రోజుల్లో, మాథ్యూ అనే చెక్క ఓడ కట్టి ఉంటుంది. జాన్ కాబట్ అని ఇంగ్లీషువారు పిలుచుకునే ఇటలీ నావికుడు 1497లో ఇరవై మంది లోపు సిబ్బందితో ఉత్తర అమెరికా తీరానికి ఇక్కడి నుంచి బయల్దేరిన ఓడకు ఇది నమూనా. సరిగ్గా ఐదు వందల ఏళ్ళకు, 1997లో, ఈ నమూనా కూడా అదే దారిలో న్యూఫౌండ్‌లాండ్‌కు వెళ్ళివచ్చింది. పిల్లలున్నవారు దాన్ని తప్పక చూపించాలి. ఇంత చిన్న చెక్క దొన్నె మీదనా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా.

ఎత్తు మీద నుంచి చూడాలంటే

బ్రిస్టల్ ముఖచిత్రం క్లిఫ్టన్ వేలాడే వంతెన. నది లోతైన కొండ గండిలో ప్రవహించే చోట, పోటు నీటి మట్టానికి సుమారు 75 మీటర్ల పైన, 214 మీటర్ల పొడవున గొలుసుల మీద వేలాడుతుంది. దీన్ని కూడా బ్రూనెలే రూపొందించాడు. పోటీకి నమూనాలు పంపే నాటికి అతడి వయసు పాతికకు లోపే. 1831లో శంకుస్థాపన జరిగింది, డబ్బు అయిపోయింది, రెండు ఒడ్డుల మీద బురుజులు మాత్రం ఏళ్ళ తరబడి దిష్టిబొమ్మల్లా మిగిలిపోయాయి. అతడు 1859లో మరణించాక, తోటి ఇంజనీర్లు అతడి జ్ఞాపకార్థం పని తిరిగి చేపట్టి, లండన్‌లో విప్పేసిన అతడిదే మరో వంతెన గొలుసులు తెచ్చి వేలాడదీసి, 1864 డిసెంబరు 8న తెరిచారు. అందుకే గ్రేట్ బ్రిటన్ ఓడ ఈ ఊరు విడిచి వెళ్ళినప్పుడు వంతెన లేదు. అదే మనిషి గీసిన వంతెన కిందుగా అదే మనిషి కట్టిన ఓడ మొదటిసారి వెళ్ళింది 1970లో, అదీ తుప్పుపట్టిన చట్రంగా, పంటు మీద.

దీనికి పోటీగా ఊరి నడుమ బ్రాండన్ కొండ మీద కాబట్ బురుజు ఉంది. కాబట్ ప్రయాణానికి నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 1897లో మొదలుపెట్టి కట్టినది. రెండూ ఉచితమే. వంతెన మీద పాదచారులకు రుసుము లేదు, కార్లకే ఉంది. ఎంపిక మాత్రం కాళ్ళను బట్టి ఉంటుంది. బురుజు లోపలి మెట్లు ఇరుకుగా, గుండ్రంగా తిరుగుతూ పైకి వెళతాయి. ఎదురుగా మనిషి దిగివస్తే ఒకరు గోడకు అతుక్కుని నిలబడాలి. మోకాళ్ళు బాగున్న పాతికేళ్ళవారికి అది సరదా, మా అమ్మకు శిక్ష. క్లిఫ్టన్ వైపు బస్సులో వెళ్ళి దిగితే వంతెన మీద నడక సమంగా ఉంటుంది. వాహనం దాటినప్పుడు కాళ్ళ కింద సన్నగా అదురుతుంది కాబట్టి ఎత్తంటే కళ్ళు తిరిగేవారు మాత్రం క్లిఫ్టన్ వైపు పచ్చిక మైదానం మీదే కూర్చుని చూస్తే చాలు. అవతలి ఒడ్డున వంతెన చరిత్ర చెప్పే చిన్న కేంద్రం ఉంది, అదీ ఉచితమే.

ఒక్క విషయం చాలామంది పట్టించుకోరు. వంతెనను చూడడానికి వెళ్ళే ముందు ఫోనులో ఆటుపోట్ల వేళలు చూసుకోండి. ఆటు వేళ కింద కనిపించేది నది కాదు, మెరిసే బూడిదరంగు బురద గోడల మధ్య సన్నని నీటి చార. పోటు వేళ అదే గండి నిండుగా ఉంటుంది. అందమైన ఫొటో కావాలంటే పోటు వేళ వెళ్ళండి. ఈ ఊరి ఓడలు ఏ కష్టం పడ్డాయో అర్థం కావాలంటే ఆటు వేళే సరైనది, నాకు అదే ఎక్కువ నచ్చింది. పైకి వెళ్ళే ఓపిక లేనివారు ఫెర్రీలో హాట్‌వెల్స్ అనే చివరి రేవు దాకా వెళ్ళి, కాస్త ముందుకు నడిస్తే, కింది నుంచి వంతెన ఆకాశానికి అడ్డంగా గీసిన గీతలా కనిపిస్తుంది.

చర్చిలు రెండు, ఒకటి చాలు

బ్రిస్టల్ కథీడ్రల్ 1140లో మఠంగా మొదలై 1542లో ప్రధాన చర్చి అయింది. మధ్య భాగం, పక్క భాగాలు ఒకే ఎత్తున ఉండడం దాని ప్రత్యేకత, శిల్పనిర్మాణం చదివినవారు అందుకోసం వెళ్ళవచ్చు. మిగిలినవారికి సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చాలు. టెంపుల్ మీడ్స్ రైలు స్టేషను నుంచి పది నిమిషాల నడక. రేవు వర్తకులు తమ సంపదను కుమ్మరించిన చర్చి ఇది. లోపల ఒక తిమింగలం ఎముక ఉంది, కాబట్ ప్రయాణం నుంచి వచ్చిందని పరంపరగా చెప్పుకుంటారు. చర్చి ఆవరణలో గడ్డిలో ఒక ట్రాము పట్టా ఏటవాలుగా దిగబడి ఉంటుంది. 1941 గుడ్ ఫ్రైడే రాత్రి జర్మన్ బాంబు వీధిలో పడినప్పుడు ఆ పట్టా ఇళ్ళ మీదుగా ఎగిరివచ్చి అక్కడ గుచ్చుకుంది, తీయకుండా అలాగే ఉంచారు. చర్చిలో ఎన్ని రంగుటద్దాలు చూశానో నాకు గుర్తులేదు, ఆ ఇనుప ముక్క మాత్రం గుర్తుంది.

పంచదార డబ్బు సంగతి

1698 నుంచి 1807 దాకా బ్రిస్టల్ ఓడలు రెండు వేలకు పైగా ప్రయాణాల్లో సుమారు 5 లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా అట్లాంటిక్ దాటించాయి. ఊళ్ళోని అందమైన రాతి మేడల వెనుక ఆ బానిసలు పనిచేసిన చెరకు తోటల పంచదార డబ్బు ఉంది. దీన్ని పక్కనపెట్టి బ్రిస్టల్ చూడడం సాధ్యమే, చాలామంది అలాగే చూసి వెళతారు, కాని అది సగం చూపే అవుతుంది. ఇందుకు రెండు చోట్లున్నాయి. ఎమ్ షెడ్‌లో, 1895లో ప్రతిష్ఠించి, 2020 జూన్ 7న నిరసనకారులు తాళ్ళతో లాగి పడగొట్టి, దొర్లించుకుంటూ వెళ్ళి రేవు నీటిలో పారేసిన, బానిస వ్యాపారంలో పాలుపంచుకున్న వర్తకుడు ఎడ్వర్డ్ కోల్‌స్టన్ కంచు విగ్రహం ఉంది. మళ్ళీ నిలబెట్టలేదు. మీద చిమ్మిన రంగులను కడగకుండా, పడుకోబెట్టే చూపిస్తున్నారు. విగ్రహాల రాజకీయం తెలిసిన తెలుగువారికి ఆ దృశ్యం ముందు చాలా ఆలోచనలు వస్తాయి.

రెండోది గ్రేట్ జార్జ్ వీధిలోని జార్జియన్ హౌస్. కరీబియన్ సముద్రంలోని నెవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ అనే వర్తకుడు 1790 ప్రాంతంలో కట్టుకున్న ఇల్లు. వంటింట్లో రాగి పాత్రలు వరుసగా వేలాడుతుంటాయి, నేలమాళిగలో యజమాని చన్నీటిలో మునగడానికి రాతితో కట్టించుకున్న తొట్టి ఉంది. ఆ ఇంట్లో యజమానికి సేవ చేసిన, నెవిస్ నుంచి తీసుకురాబడిన పీరో అనే బానిస పేరును 1999లో రేవు మీద కట్టిన కాలినడక వంతెనకు పెట్టారు. రెండు పెద్ద కొమ్ముల ఆకారాలున్న వంతెన అది, ఊళ్ళో తిరిగేవారు ఎలాగూ దాటుతారు. నా ఓటు ఈ ఇంటికే. విగ్రహం వాదన రేపితే, ఇల్లు ఏ వాదనా లేకుండా లెక్క చూపిస్తుంది. శీతాకాలంలో కొన్ని నెలలు మూసి ఉంటుంది, అప్పుడు ఎమ్ షెడ్ తప్ప గత్యంతరం లేదు.

ఇక్కడి నుంచి దిగి కార్న్ వీధికి వెళితే పాత వర్తక భవనం గోడ మీద ఒక గడియారం కనిపిస్తుంది. దానికి నిమిషాల ముళ్ళు రెండు: ఒకటి గ్రీనిచ్ సమయం, మరొకటి దానికి పది నిమిషాలు వెనుక నడిచే పాత బ్రిస్టల్ సమయం. రైళ్ళు వచ్చాక లండన్ గడియారం ఊరిమీద పడింది, 1852లో ఊరు తలవంచింది, ముల్లు మాత్రం మిగిలింది. మన దేశమంతటికీ సమయం చెప్పే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కగా పోతుంది కాబట్టి మన తూర్పు గోదావరివారికి ఈ బాధ తెలియదు. ఆ భవనం వెనుకే సెయింట్ నికొలస్ మార్కెట్టు ఉంది. మధ్యాహ్న భోజనానికి రేవు ఒడ్డున ఖరీదైన హోటళ్ళ కంటే ఇది నయం, శాకాహారులకు కూడా దుకాణాలు దొరుకుతాయి.

నీటిని విడిచి వెళ్ళవలసిన చోటు

స్టేషనుకు ఆగ్నేయంగా బాత్ రోడ్డు మీద ఆర్నోస్ వేల్ అనే పాత శ్మశానవాటిక ఉంది. 1839లో తెరిచిన ఈ 45 ఎకరాల తోటలో, ద్వారానికి దగ్గరలోనే, ఇంగ్లీషు సమాధుల మధ్య మన గుడి మండపంలా ఒక రాతి ఛత్రి నిలబడి ఉంటుంది. అది రాజా రామమోహన రాయ్ సమాధి. మొగల్ చక్రవర్తి రెండవ అక్బర్ పక్షాన రాయబారిగా 1831లో ఇంగ్లండు చేరి, సతీ సహగమన నిషేధాన్ని రద్దుచేయాలన్న అప్పీలు ఇక్కడ కొట్టివేయబడడాన్ని చూసి, బ్రిస్టల్‌లో స్నేహితుల ఇంటికి వచ్చిన ఆయన 1833 సెప్టెంబరు 27న జ్వరంతో కన్నుమూశారు. మొదట ఆ ఇంటి తోటలోనే ఖననం చేశారు. పదేళ్ళ తరువాత ద్వారకానాథ్ ఠాకూర్ పూనికతో ఇక్కడికి మార్చి, విలియం ప్రిన్సెప్ గీసిన నమూనా ప్రకారం ఈ ఛత్రి కట్టించారు.

ఆయన విగ్రహం కథీడ్రల్ ముందు కాలేజ్ గ్రీన్‌లో కూడా ఉంది, 1997లో పెట్టారు. దారిలోనే తగులుతుంది, ఐదు నిమిషాల్లో ఫొటో తీసుకోవచ్చు. రెండింటిలో ఏది అంటే, సమయం లేనివారికి విగ్రహం. కాని వీరేశలింగం పంతులుగారి పేరు విన్న ఇంట్లో పెరిగినవారు సమాధి దాకా వెళ్ళాలి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన వితంతు వివాహం వెనుక, కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి బ్రహ్మసమాజం వెనుక ఉన్న ధారకు మొదలు ఈ ఛత్రి కింద ఉన్న మనిషి. మా నాన్నగారు ఓడ దగ్గర టికెట్టు ధర గురించి రెండుసార్లు మాట్లాడారు. ఇక్కడ చెప్పులు విడిచి, తడిగడ్డి మీద నిలబడి, ఏమీ మాట్లాడలేదు. సెప్టెంబరు 27 ప్రాంతంలో వెళ్ళేవారికి ఛత్రి దగ్గర స్మారక కార్యక్రమం కూడా తగలవచ్చు. ఆయన ఆతిథేయ బృందంలో పెరిగి, తరువాత మన దేశానికి వచ్చి బాలికల చదువు కోసం పనిచేసిన మేరీ కార్పెంటర్ సమాధి కూడా ఈ తోటలోనే ఉంది.

స్టేషను నుంచి నడిస్తే అరగంట పడుతుంది, బస్సులోనూ వెళ్ళవచ్చు. దారి అందంగా ఉండదు, వాహనాల రోడ్డు. నడక వద్దు, బస్సే ఎక్కండి.

మిగిలినవి, వేళల లెక్క

బాంక్సీ అనే అజ్ఞాత చిత్రకారుడి గోడ చిత్రాల కోసం ప్రత్యేకంగా రోజు కేటాయించనక్కరలేదు. పార్క్ స్ట్రీట్ పక్కన కిటికీకి వేలాడుతున్న మనిషి బొమ్మ, ఓడ డాకుకు దగ్గరలో చెవిపోగు స్థానంలో గోడమీది అలారం పెట్టెను వాడుకున్న అమ్మాయి బొమ్మ, రెండూ దారిలోనే తగులుతాయి. నగర మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీ ఉచితం, పిల్లలకు, వానకు మంచిది. దానికోసం ఓడను వదులుకోవద్దు. నాటకాల మీద ప్రేమ ఉన్నవారు 1766లో తెరిచిన ఓల్డ్ విక్ నాటకశాలలో సాయంత్రం ఒక ప్రదర్శన చూడవచ్చు, అయితే లండన్‌కు చివరి రైలు వేళ ముందే తెలుసుకోవాలి. లండన్ పాడింగ్టన్‌కు ప్రయాణం గంటా నలభై నిమిషాల దగ్గర పడుతుంది.

అరపూటే ఉంటే రెడ్‌క్లిఫ్ చర్చి చూసుకుని, రేవు ఒడ్డున ఎమ్ షెడ్ దాకా నడిచి, మార్కెట్టులో తిని తిరిగి రండి. ఓడకు టికెట్టు కొని సగంలో పరుగు తీయడం కంటే ఇది నయం. ఒక పూర్తి రోజు ఉంటే ఉదయం తెరవగానే ఓడ, మధ్యాహ్నం ఫెర్రీ, సాయంత్రం పోటు వేళ కుదిరితే వంతెన, కుదరకపోతే జార్జియన్ హౌస్. సమాధి చూడాలనుకుంటే వంతెనను వదులుకోవలసి ఉంటుంది, పెద్దవారితో రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, అవి ఊరికి చెరో మూల ఉన్నాయి. రెండో రోజు దొరికితే మొదటి పని ఆర్నోస్ వేల్, రెండో పని బాత్ రైలు. డిసెంబరు, జనవరుల్లో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి బయట చూసేవి ముందు, గోడల మధ్య చూసేవి తరువాత పెట్టుకోండి. ఏ కాలంలో వెళ్ళినా ఓడ కిందికి దిగేముందు స్వెట్టరు విప్పి చేతిలో పట్టుకోండి, ఆ పొడి గాలి వెచ్చగా ఉంటుంది, తిరిగి పైకి రాగానే రేవు గాలి చలిగా తగులుతుంది.